ఆరో స్టెప్పు మీద విమానం

‘నోటి చదువు’ – తొమ్మిదో భాగం

వినీలను పోయిన వారం కాన్ఫరెన్స్ హాలు బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. లోపలి నుంచి పిలుపు రాలేదు.

తుక్కుగూడ దాటాక రోడ్డు పక్క కట్టిన ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె ఎలక్ట్రానిక్స్ మూడో సంవత్సరం. డిసెంబరులో యాంటెన్నాల పరీక్ష రాసింది. జనవరిలో యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. పద్నాలుగు మంది ఒక ప్రశ్నకు రాసిన జవాబు మాటకు మాట ఒకటే అని అందులో ఉంది. తొమ్మిది స్టెప్పుల జవాబులో పద్నాలుగు మందీ ఆరో స్టెప్పు వదిలేశారు. ఐదు నుంచి నేరుగా ఏడుకు పోయారు. ఆ పద్నాలుగు మంది కూర్చున్నది ఒక గదిలో కాదు, ఐదు గదుల్లో. పరీక్ష రోజు ఐదు గదుల్లోకీ వెళ్ళి వచ్చింది ఒక్క మనిషి. మంచినీళ్ళు పోసే అటెండర్ ఐలయ్య. చిట్టీలు ఆయనే మోశాడని కాలేజీ తేల్చుకుంది.

అసలు జరిగింది వినీలకు తెలుసు. క్లాసులో ముందు బెంచీ మీద ఫోను పెట్టి, మీద కర్చీఫ్ కప్పి, జూలై నుంచి ఆమె పాఠాలు రికార్డు చేసింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు పాఠం ఒకసారి వింటే ఆమెకు అందదు, ఇరవైసార్లు వింటే అందుతుంది. ఆ పాఠాల్ని బ్లూటూత్‌లో పదమూడు మంది తీసుకున్నారు. అందరూ చెవిలో పెట్టుకుని వల్లె వేశారు. అందరి నోటికీ ఒకటే పాఠం వచ్చింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

ఆ మాట చెబితే ఫోను సంగతి బయటికొస్తుంది. క్లాసులో ఫోను దొరికితే విద్యార్థికి పదిహేను రోజుల సస్పెన్షన్. దానికి వినీల సిద్ధంగా ఉంది. కానీ లెక్చరర్‌కు తెలిసి ఊరుకుంటే లెక్చరర్ ఉద్యోగం పోతుంది. యాంటెన్నాలు చెప్పే శేఖర్ సార్‌కు తెలుసు. రికార్డు చేసుకొమ్మని చెప్పిందే ఆయన. ఇప్పుడాయన ఎంక్వయిరీలో మూడో మనిషిగా లోపల కూర్చుని ఉన్నాడు. సోమవారం లైబ్రరీ దగ్గర వినీల ఆయనకు మాట ఇచ్చింది. మీ పేరు నా నోట రాదు సార్, అంది.

ఈ రోజు బుధవారం.

*

బెంచీకి అటు చివర తల్లి ప్రేమమ్మ కూర్చుంది. ఎయిర్‌పోర్టు టెర్మినల్‌లో ఆమె హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. రెండింటికి షిఫ్టు కాబట్టి యూనిఫాం వేసుకునే వచ్చింది. పాసు మెడలో ఉంది. ఆమె గోడ గడియారం చూడటం లేదు, చూసే వాళ్ళను చూస్తోంది.

“ఎన్ని గంటలకు పిలుస్తమన్నరు?”

“పదకొండు అన్నరు మమ్మీ.”

“ఇప్పుడు పన్నెండున్నర.”

“నువ్వు పో. నీ బస్సు పోతది.”

“పోతె పోనీ. ఇంకోటి వస్తది. నువ్వు లోపలికి పోయే ముందు ఒక్కమాట విను. అబద్ధం మీద సంతకం పెట్టకు. పెడితె ఐలయ్య మొఖమే కాదు, రేపు ఆదివారం చర్చిల నా మొఖం గూడ చూడలేవు.”

“నిజం చెప్తె?”

ప్రేమమ్మ పాసు తాడును వేలికి చుట్టుకుంది. విప్పింది. “నిజం చెప్తె ఎవరికి తాకుతదో అది గూడ చూసుకో” అంది.

వినీల అడగదలుచుకున్నది నిజం చెప్పే ఆ రెండో దారి గురించే. తల్లి రెండు దారుల మీదా చెయ్యి అడ్డం పెట్టింది.

హాలు తలుపు తెరుచుకుంది. చందు బయటికొచ్చాడు. చందుది కందుకూరు. క్లాసులో ఎవరి గొంతైనా అనుకరిస్తాడు. ఆ పద్నాలుగు మందిలో ఒకడు. నవ్వు మొఖం పెట్టుకుని వచ్చి, ప్రేమమ్మను చూసి తీసేశాడు.

“ఏమైందిరా?”

“ఏమైతది. సంతకం పెట్టిన.”

“ఐలయ్య మీదనా?”

“తిట్టు వినీల. తిట్టినా పడత. పెట్టకుంటె ఆరు పేపర్లు క్యాన్సిల్, ఏడాది ఇంట్ల. పెడితె ఒక్క పేపరు, మేలో మళ్ళ రాసుడు. మా బాపు నన్ను ఏడాది ఇంట్ల కూసోబెడితడా? బర్ల కాడికి తోల్తడు.” తలుపు వైపు చెయ్యి చూపించాడు. “పదమూడు మందిమి పెట్టినం. నీదొక్కటే ఖాళీ ఉన్నది.”

“ఫోను సంగతి చెప్పలేదా?”

“చెప్తె శేఖర్ సార్ పోతడు. చెప్పకుంటె ఐలయ్య పోతడు. నన్నడిగితె ఇద్దరూ మంచోళ్ళే. గందుకే నేను అడుగుడు బంద్ చేసిన.”

అతను మెట్ల వైపు పోలేదు, వెనక వరండా వైపు పోయాడు. ఎందుకో వినీలకు తెలుసు. మెట్ల దగ్గర ఐలయ్య కూర్చుని ఉన్నాడు.

ఐలయ్యకు యాభై ఆరేళ్ళు. ఆయన దున్నిన చేను ఇప్పుడు ఎయిర్‌పోర్టు ప్రహరీ లోపల ఉంది. కాలేజీలో తొమ్మిదేళ్ళుగా అటెండర్. వారం నుంచి నీళ్ళు పొయ్యొద్దన్నారు. డ్యూటీకి రమ్మన్నారు, పని చెప్పలేదు. వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నాడు. వినీల లేచి అక్కడిదాకా వెళ్ళింది.

“నేను చిట్టీలు పంచిన్నట బిడ్డా” అన్నాడు ఆయన. “నాకు చదువు రాదు. ఏ చిట్టి ఏ పరీక్షదో నాకేం ఎరుక?”

“ఆ మాట వాళ్ళకు చెప్పలేకపోయినవా కాకా?”

“చెప్పిన. చదువు రానోడు గనుకనే నీతోని మోయించిండ్రు అన్నరు.” ఐలయ్య నవ్వాడు. “చదువుకున్నోళ్ళతోని గెలుస్తమా. నువ్వు పరేషాన్ గాకు. సంతకం పెట్టుమంటె పెట్టు. నాకేంది, ఇంక నాలుగేండ్లు. నీకు మస్తున్నది.”

ఆయన పెట్టొద్దని ఉంటే ఆమెకు తేలికయ్యేది.

*

కాన్ఫరెన్స్ హాల్లో ఏసీ ఉంది, వెయ్యలేదు. కిటికీలు తెరిచి ఉన్నాయి. బల్లకు అవతల ముగ్గురు. నడుమ ప్రిన్సిపాల్. ఆయన ఆగస్టులో కాకినాడ నుంచి వచ్చి చేరాడు. కుడి పక్కన యూనివర్సిటీ నుంచి వచ్చిన పరిశీలకురాలు. ఆమెను అందరూ మేడం అంటున్నారు. ఎడమ పక్కన శేఖర్ సార్. ఆయన ముందు రిజిస్టరు ఉంది. చెప్పినవన్నీ రాసుకోవడం ఆయన పని. వినీల లోపలికి వచ్చినప్పుడు ఆయన తారీఖు రాస్తున్నాడు. తల ఎత్తలేదు.

గోడ మీద సినిమా తెరలాంటిది ఉంది. పక్కన తెల్లబోర్డు. బల్ల చివర కంప్యూటరు.

“కూర్చోమ్మా” అన్నాడు ప్రిన్సిపాల్. “నీకు మొదటి మూడు సెమిస్టర్లలో నాలుగు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్. తర్వాత అన్నీ క్లియర్ చేశావు. ఈసారి యాంటెన్నాల్లో ఈ ఒక్క స్టెప్పు పోగా మిగతాదంతా సరిగ్గా రాశావు. ఇంత మార్పు ఎలా వచ్చింది?”

“చదివిన సార్.”

“ఎలా చదివావు?”

“వల్లె వేసి.”

“ఏది చూసి?”

ప్రిన్సిపాల్ ఫైలు తెరిచి ఒక కాగితం బయటికి తీశాడు. వినీల దాన్ని గుర్తుపట్టింది. సెప్టెంబరులో క్లాసులో అందరికీ పంచిన సర్వే. సాంకేతిక పరికరాలు, చదువు మీద ఆసక్తి, చదివే అలవాట్లు మార్కులను ఎలా మారుస్తున్నాయో తెలుసుకోవడానికి అని పైన రాసి ఉంది. ముప్పై ప్రశ్నలు. పక్కన గళ్ళు. టిక్కు పెట్టి ఇచ్చెయ్యాలి. ఆ రోజు పెన్ను లేక చందు దగ్గర అడిగి పెట్టింది.

“తొమ్మిదో ప్రశ్న. చదువు కోసం మొబైల్ ఫోను వాడతారా? వాడను అని టిక్కు పెట్టావు. పన్నెండో ప్రశ్న. పాఠం అర్థం కాకపోతే ఏం చేస్తారు? నాలుగు గళ్ళు ఇచ్చాం. లెక్చరర్‌ను అడుగుతాను. స్నేహితుల్ని అడుగుతాను. ఇంటర్నెట్‌లో వెతుకుతాను. వదిలేస్తాను. నువ్వు నాలుగూ వదిలేశావు.”

“నేను చేసేది గండ్ల లేదు సార్.”

“నువ్వు చేసేదేంటి?”

శేఖర్ సార్ పెన్ను ఆగింది.

వినీల ఒళ్ళో చేతులు పెట్టుకుని ఐడీ కార్డు పట్టుకుంది. ఆ ప్లాస్టిక్ తొడుగులో, ఫోటో వెనక, మెమొరీ కార్డు ఉంది. సోమవారం ఫోనులోంచి తీసి అందులో దాచింది. వేలితో నొక్కితే దాని అంచు తెలుస్తోంది.

ఆమె చేసేది ఆమెకు సండే స్కూల్లో వచ్చిన అలవాటు. అక్కడ వాక్యం ఒప్పజెప్పే పిల్లలు ముందు అది ఏ పుస్తకమో, ఏ అధ్యాయమో, ఎన్నో వచనమో చెప్పాలి. తర్వాత వాక్యం చెప్పాలి. చివర మళ్ళీ పుస్తకం, అధ్యాయం, వచనం. చిరునామా లేని వాక్యం గాలికి పోతుందని ప్రేమమ్మ చెప్పేది. వినీల పాఠాలకూ అలాగే చిరునామాలు పెట్టుకుంది. ఎవరు చెప్పింది, ఎన్నో పాఠం, ఏ తారీఖు. కాలేజీ బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ముందు చిరునామా అనుకునేది, పాఠం వినేది, దిగేటప్పుడు మళ్ళీ చిరునామా అనుకునేది.

“వల్లె వేసిన సార్” అంది మళ్ళీ.

ప్రిన్సిపాల్ ఒక టైపు చేసిన కాగితం ఆమె వైపు జరిపాడు. పరీక్ష గదిలో మంచినీళ్ళ గ్లాసుతో పాటు అటెండర్ ఐలయ్య తనకు చిట్టీ ఇచ్చాడని, అది చూసి జవాబు రాశానని, ఇందుకు చింతిస్తున్నానని అందులో ఉంది. కింద పద్నాలుగు గీతలు. పదమూడు నిండాయి. చందు సంతకం అన్నిటికంటే చిన్నగా ఉంది.

“నేను నిన్ను భయపెట్టడం లేదమ్మా. రెండు దారులున్నాయి. ఇది పెడితే ఒక్క పేపరు. పెట్టకపోతే రూల్ ప్రకారం అన్నీ. నీ ఒక్కదానికే కాదు. పద్నాలుగు మందిదీ ఒకే కేసు. ఒకరు కాదంటే కేసు మొత్తం మళ్ళీ మొదటికి పోతుంది.”

“పదమూడు మంది పెట్టిండ్రు గదా సార్.”

“నీది పడితేనే వాళ్ళది చెల్లుతుంది.”

ఇది చందు చెప్పలేదు. చెబితే సంతకం పెట్టమని అడిగినట్టవుతుందని చెప్పలేదేమో.

మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ప్రిన్సిపాల్ గారూ, ఒక్క నిమిషం. ఈ అమ్మాయి చదివి రాశానంటోంది. చదివింది మూడు వారాల్లో మర్చిపోదు. బోర్డు మీద రాయమందాం. రాస్తే చిట్టీ మాట ఎలా నిలుస్తుందో చూద్దాం.”

శేఖర్ సార్ మొదటిసారి తల ఎత్తాడు. వినీల వైపు కాదు, బోర్డు వైపు చూశాడు.

*

ఆమె మార్కర్ తీసుకుంది. ప్రశ్న అర తరంగం డైపోల్ యాంటెన్నా గురించి. దాని రేడియేషన్ రెసిస్టెన్స్ ఎంతో సాధించాలి. ఆమె మనసులో పాఠం మొదలైంది. చెవిలో ఎవరో చెబుతున్నట్టే ఆమె చెయ్యి రాసుకుంటూ పోయింది. మొదటి స్టెప్పు. వివరణ వాక్యం. రెండో స్టెప్పు. ఒక్కచోట కూడా తుడవలేదు. మేడం తన దగ్గరున్న జవాబు పత్రం నకలులో వేలు పెట్టి వరుసగా కిందికి జరుపుతోంది.

“కామా కూడా అక్కడే పెట్టింది” అంది మేడం.

“అదే నేను చెప్పేది” అన్నాడు ప్రిన్సిపాల్. “ఈ వాక్యాలు ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ లేవు మేడం. ఆల్ ఇన్ వన్ గైడ్లు కూడా వెతికించాను. ఎవరో పనిగట్టుకుని రాసి పంచారు. ఇంగ్లీషు చక్కగా ఉంది. ఇది పిల్లలు రాసుకున్నది కాదు.”

ఐదో స్టెప్పు అయింది. ‘అందువల్ల’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట రాసింది. కింద ఏడో స్టెప్పు రాసింది. ఎనిమిది, తొమ్మిది. చివరి జవాబు డెబ్బై మూడు ఓమ్‌లు. కింద గీత గీసింది.

“ఆగమ్మా” అంది మేడం. “ఐదు నుంచి ఇక్కడికి ఎలా వచ్చావు?”

“అందువల్ల అని మేడం.”

“దేనివల్ల?”

వినీల బోర్డు చూసింది. ఐదో వరుసలో ఒక ఇంటిగ్రల్ ఉంది. తర్వాతి వరుసలో అది లేదు, దాని స్థానంలో ఒక అంకె ఉంది. అది ఎలా పోయిందో, ఇది ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. బస్సులో వంద సార్లు విన్నది. ఆ చోట ఆమె ఒక్కసారి కూడా ఆగి అడగలేదు.

“తెల్వదు మేడం.”

“మధ్యలో ఒక స్టెప్పు ఉంది. అదేమిటో ఊహించి చెప్పు. తప్పైనా ఫరవాలేదు.”

“నాకు వచ్చింది గింతే మేడం.”

మేడం కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. “నీకు వచ్చినదాంట్లో నువ్వు ఒక్క అక్షరం తప్పు చెయ్యలేదు. రానిదాని గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఎవరో ఇచ్చింది ఇచ్చినట్టు దాచుకున్నావు. నాకు చిట్టీ కనిపిస్తోందమ్మా. చేతిలో కాకపోతే తలలో.”

ఆ మాట నిజం. నాలుగు బ్యాక్‌లాగులు తీసింది ఆ వల్లె వెయ్యడమే. కాలేజీకి పొమ్మని తెల్లవారుజామున ఐదింటికి తనను తాను లేపుకున్నదీ అది ఇచ్చిన ధైర్యంతోనే. ఈ రోజు ఆ చదువే ఆమెకు ఎదురు సాక్ష్యం చెప్పింది. రాయలేకపోతే చిట్టీ కొట్టినట్టు. రాస్తే చిట్టీ వల్లె వేసినట్టు.

ప్రిన్సిపాల్ పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

“ఇంక సంతకం పెట్టెయ్యమ్మా. అందరి టైమూ అయిపోతోంది.”

ఆమె మార్కర్ కింద పెట్టింది. పెన్ను తీసుకుంది. పద్నాలుగో గీత మీద ‘వి’ రాయడానికి చెయ్యి ఆనించింది.

అప్పుడు విమానం వచ్చింది.

*

ఈ కాలేజీ విమానాలు దిగే దారి కింద ఉంది. గాలి అటు తిరిగిన రోజున గంటకు పది పన్నెండు పోతాయి. పైనుంచి ఒకటి పోయేటప్పుడు ముప్పై నలభై సెకన్లు మనిషి మాట మనిషికి వినపడదు. కాబట్టి ఇక్కడ అందరికీ ఒక అలవాటు ఉంది. చప్పుడు మొదలవగానే మాట ఆపేస్తారు. సుద్దముక్క బోర్డు మీద ఎక్కడిదక్కడ ఆగుతుంది. వాక్యం సగంలో ఉంటే సగంలోనే ఉంటుంది. పిల్లలు ఆ సందులో పెన్నులు మార్చుకుంటారు, నీళ్ళు తాగుతారు. చప్పుడు పోయాక ఆగిన మాట దగ్గర నుంచి పాఠం నడుస్తుంది. శేఖర్ సార్ అయితే ఆగిన మాటను మళ్ళీ ఒకసారి అని ముందుకు పోతాడు.

దాంతో పాఠాలు వినే పద్నాలుగు మందికీ ఒక అలవాటు పడింది. రికార్డులో విమానం చప్పుడు మొదలైతే ముందుకు నొక్కుతారు. చప్పుడు దాటాక మళ్ళీ వింటారు. ఆ మధ్యలో ఏమీ ఉండదని అందరికీ తెలుసు.

ప్రిన్సిపాల్‌కు ఈ ఆగడం నచ్చలేదు. వచ్చిన నెలలోనే లెక్క కట్టించాడు. సెమిస్టరుకు ఇన్ని గంటల బోధన విమానాల పాలవుతోందని సర్క్యులర్ పెట్టాడు. విమానాల పేరుతో పాఠం ఆపరాదు. లెక్చరర్లందరూ సంతకాలు చేశారు. చేసి, ఎప్పటిలాగే ఆపుతూ వచ్చారు.

ఇప్పుడు హాల్లో చప్పుడు నిండింది. మేడం ఏదో చెప్పబోయి ఊరుకుంది. శేఖర్ సార్ పెన్ను ఎత్తి పట్టుకున్నాడు. వినీల చెయ్యి గీత మీద ఆగింది.

ప్రిన్సిపాల్ ఆగలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి. వేలు బల్ల మీద తాటిస్తూ ఆయన ఏదో వివరంగా చెబుతూనే ఉన్నాడు. చెప్పిన మాట ఒక్కటీ బల్ల దాటి రాలేదు.

వినీల ఆ పెదవుల వైపు చూసింది. ఆమెకు తెలియకుండానే మనసులో చిరునామా మొదలైంది. అర తరంగం డైపోల్. ముప్పై మూడో పాఠం. అక్టోబరు పదకొండు, గురువారం.

ఆ గురువారం శేఖర్ సార్ కాలేజీకి రాలేదు. తల్లి కంటి ఆపరేషన్ అని దవాఖానలో ఉన్నాడు. క్లాసు ఖాళీగా ఉండకూడదని వేరే ఆయన వచ్చి చెప్పాడు. బోర్డు మీద రాయలేదు. తన పాత నోటు పుస్తకం తెచ్చుకుని, కిటికీ దగ్గర నిలబడి, కామా అని కూడా పలుకుతూ గంటసేపు గబగబా చదివేశాడు; ఎవరికీ రాసుకోవడం అందలేదు.

విమానం పోయింది.

“అర్థమైందా?” అన్నాడు ప్రిన్సిపాల్.

వినీల పెన్ను బల్ల మీద పెట్టింది.

“సార్, ఇప్పుడు మీరు చెప్పింది వినరాలేదు.”

“వినరాకపోవడం ఏంటి? నీ ఎదురుగానే కదా చెప్పాను.”

“నాకు వినరాలేదు. మేడంకు వినొచ్చిందేమో అడగుండ్రి.”

మేడం చిన్నగా దగ్గింది. “నిజానికి నాకూ వినపడలేదు” అంది.

“ఆరో స్టెప్పు గూడ గట్లనే పోయింది సార్” అంది వినీల. “అక్టోబరు పదకొండున మా క్లాసుకు మీరొచ్చిండ్రు. డైపోల్ మీరే చెప్పిండ్రు. ఐదో స్టెప్పు అయినంక విమానం వచ్చింది. వేరే సార్లు ఆగుతరు. మీరు ఆగలేదు. విమానం పొయ్యేటాలకు మీరు ఏడుకు వచ్చిండ్రు.”

ఆమె బోర్డు వైపు వేలు చూపించింది.

“ఆ ఇంగ్లీషు ఏ పుస్తకంల దొరకదు సార్. అది మీది.”

ప్రిన్సిపాల్ బోర్డు వైపు తిరిగాడు. మొదటి వరుస నుంచి చదివాడు. చదువుతూ ఆయన చెయ్యి ఫైలు అంచు మీద నిలిచిపోయింది. మూడో వరుస దాటేసరికి ఆయన తన వాక్యాలను గుర్తుపట్టాడని వినీలకు తెలిసింది. తెలిసినా ఆయన ఒప్పుకోలేదు.

“అయితే మాత్రం? నేను గంటసేపు చెప్పిన పాఠం, కామాతో సహా, పద్నాలుగు మందికి ఎలా గుర్తుంటుంది?”

ఇప్పుడు ఆమెకు దారి కనిపించింది. పెద్ద దారేం కాదు. ఒక్క మనిషి పట్టేంత. ఆ రోజు క్లాసులో శేఖర్ సార్ లేడు. లేని మనిషికి తెలిసే అవకాశం లేదు. ఆ ఒక్క రోజు ఫోను సంగతి చెబితే ఇచ్చిన మాట తప్పినట్టు కాదు. ఐలయ్య కాకా మళ్ళీ బిందె పట్టుకుంటాడు. పదమూడు మంది బయటపడతారు. తను పదిహేను రోజులు ఇంట్లో కూర్చుంటుంది.

“నేను రికార్డు చేసిన సార్. ఫోన్ల. ముందు బెంచీ మీద పెట్టి, కర్చీఫ్ కప్పి.”

“నా క్లాసులోనా? నా ఎదురుగానా?”

“మీ ఎదురుగనే సార్. మీరు చూడలేదు.”

శేఖర్ సార్ ఆమె వైపు చూశాడు. ఆమె లోపలికి వచ్చాక ఇదే మొదటిసారి. ఆ చూపులో ఏముందో ఆగి చూడటానికి ఆమె తీరిక చేసుకోలేదు. ఐడీ కార్డు మెడలోంచి తీసింది. తొడుగులోంచి ఫోటో లాగింది. వెనక అతుక్కున్న మెమొరీ కార్డును గోటితో ఊడదీసి, సంతకాల కాగితం మీద, పద్నాలుగో గీత పక్కన పెట్టింది.

“గిండ్ల ఉన్నది సార్. మీ గొంతు, విమానం, రెండూ ఉన్నయి. సౌండు పెంచి వింటె ఆరో స్టెప్పు గూడ దొరుకుతదేమో. మేమెవ్వలం వినలేదు. విమానం వస్తె ముందుకు నొక్కుడు మా అలవాటు.”

మేడం కాగితం తన వైపు లాక్కుని, మెమొరీ కార్డును వేలి కొన మీద పెట్టుకుని చూసింది. “తారీఖు కూడా ఉంటుంది దీంట్లో. ఇప్పటికిప్పుడు తయారు చేసింది కాదని తేలిపోతుంది” అంది. “కంప్యూటరులో వెయ్యండి. ఇక్కడే విందాం. అటెండర్‌ను కూడా పిలిపించండి.”

తలుపు సందులోంచి ప్రేమమ్మ యూనిఫాం అంచు కనపడింది. ఆమె రెండింటి షిఫ్టు వదిలేసుకుంది.

ప్రిన్సిపాల్ లేచి బల్ల చివరికి వెళ్ళాడు. కార్డు రీడరులో పెట్టడానికి రెండుసార్లు తిప్పవలసి వచ్చింది. గోడ మీది తెర వెలిగింది. ఫైళ్ళ పట్టిక తెరుచుకుంది.

వినీల తెర చూసింది.

నలభై ఒక్క వరుసలు. ఒక్కొక్క వరుసకూ ఆమె తన చేత్తో కొట్టిన చిరునామా ఉంది. ఎవరు చెప్పింది, ఎన్నో పాఠం, ఏ తారీఖు. శేఖర్ సార్, ఒకటి, జూలై పదిహేడు. శేఖర్ సార్, రెండు, జూలై పంతొమ్మిది. శేఖర్ సార్, మూడు. పై నుంచి కింద దాకా ఆ పేరే. ముప్పై మూడో వరుసలో మాత్రం ప్రిన్సిపాల్ సార్ అని ఉంది.

చిరునామా లేని వాక్యం గాలికి పోతుంది. ఆమె ఒక్కటీ గాలికి పోనివ్వలేదు.

మేడం వరుసలు చదువుతోంది. చదివేటప్పుడు ఆమె పెదవులు కదులుతాయి. శేఖర్ సార్ రిజిస్టరు మూసి, దాని మీద పెన్ను పెట్టి, రెండు చేతులూ పెన్నుకు రెండు పక్కల పెట్టుకున్నాడు.

తెర మీద బాణం గుర్తు కిందికి దిగింది. ముప్పై మూడో వరుస దగ్గర ఆగింది. కొంచెంసేపు అక్కడే ఉంది. తర్వాత పైకి పోవడం మొదలుపెట్టింది. ముప్పై, ఇరవై, పది. మొదటి వరుస మీద నిలబడింది.

“నాది తర్వాత విందాం” అన్నాడు ప్రిన్సిపాల్. “ముందు ఇది ఎక్కడ మొదలైందో చూద్దాం.”

ఆ ఫైలులో మొదట వచ్చేది పాఠం కాదు. ఫోను బెంచీ మీద పెట్టిన నిమిషంలో పడిన శేఖర్ సార్ మాట. ఆర్నెల్లుగా బస్సులో ఆమె దాన్ని దాటవేయకుండా విన్నది. చదువు రాదని తనను తాను తిట్టుకున్న రోజుల్లో మళ్ళీ మళ్ళీ విన్నది. కర్చీఫ్ జర పైకి జరుపు వినీలా, లేకుంటె నా గొంతు పడదు. మంచిగ విను. నేను గూడ గిట్లనే చదివిన.

ప్రిన్సిపాల్ మౌసు నొక్కాడు.

స్పీకరులో బెంచీ జరిపిన చప్పుడు వచ్చింది. దాని తర్వాత మూడు సెకన్లు ఖాళీ. అది కూడా ఆమెకు నోటికి వచ్చు. విమానం వస్తుందేమోనని వినీల కిటికీ వైపు చెవి పెట్టింది. ఆకాశంలో ఏ చప్పుడూ లేదు.

ఒకటి.

రెండు.